నికర అయానిక సమీకరణం తప్పు లేకుండా రాయడం ఎలా: దేన్ని విడగొట్టాలి, దేన్ని ముట్టుకోకూడదు

సమీకరణాన్ని తుల్యం చేయడం బాగా వచ్చిన విద్యార్థులు కూడా నికర అయానిక సమీకరణం (చర్యలో నిజంగా మారిన అయాన్లనూ పదార్థాలనూ మాత్రమే చూపే సమీకరణం) దగ్గరకొచ్చేసరికి తడబడతారు. రెండు వైపులా ఒకేలా ఉన్న అయాన్లను కొట్టేయడమే కదా అని అందరూ ఆ కొట్టివేత మీదే దృష్టి పెడతారు. తప్పు జరిగేది మాత్రం సాధారణంగా అక్కడ కాదు, దానికి ముందు మెట్టులో. ఏ పదార్థాన్ని అయాన్లుగా విడగొట్టాలి, దేన్ని ఉన్నదున్నట్టు ఉంచాలి అని తేల్చుకునే చోటే అసలు పరీక్ష ఉంది. అక్కడ సరిగ్గా నిలబడితే మిగిలింది కూడికలు, తీసివేతలే.

అందుకే ఈ మార్గదర్శిలో ఆ మెట్టు మీద ఎక్కువసేపు ఆగుతాం. పదో తరగతి విద్యార్థులకూ, ఇంటర్‌లో సాల్ట్ అనాలిసిస్ (లవణంలో ఏ అయాన్లున్నాయో గ్రూపులవారీగా గుర్తించే పరీక్షలు), టైట్రేషన్లు చేస్తున్నవాళ్లకూ ఒకే పద్ధతి పనికొస్తుంది.

1. మొదలుపెట్టే ముందు దగ్గర ఉండాల్సినవి

మూడు పట్టికలు గుర్తుండాలి. కనీసం పక్కన రాసి పెట్టుకోవాలి. ఇవి లేకుండా మొదలుపెడితే ప్రతి మెట్టూ ఊహ మీదే నడుస్తుంది.

మొదటిది అయాన్ల పట్టిక. సోడియం, పొటాషియం, సిల్వర్, అమ్మోనియం అయాన్లకు +1. మెగ్నీషియం, కాల్షియం, బేరియం, జింక్ అయాన్లకు +2. అల్యూమినియానికి +3. ఐరన్, కాపర్, లెడ్ లాంటివి ఒకటి కంటే ఎక్కువ ఆవేశాలతో ఉంటాయి కాబట్టి, అవి వచ్చినప్పుడు సమ్మేళనం ఫార్ములా చూసి ఆవేశం తేల్చుకోవాలి. NO₃⁻, SO₄²⁻, CO₃²⁻, PO₄³⁻, OH⁻, CH₃COO⁻, HCO₃⁻, MnO₄⁻ అనే బహుపరమాణుక అయాన్లు ఆవేశంతో సహా కంఠస్థంగా రావాలి.

రెండోది ద్రావణీయత నియమాల పట్టిక. ఈ క్రమంలో చదివితే త్వరగా గుర్తుంటుంది:

- సోడియం, పొటాషియం, అమ్మోనియం లవణాలు కరుగుతాయి. నైట్రేట్లు కూడా అంతే. ఇక్కడ మినహాయింపుల గురించి ఆలోచించాల్సిన పనే లేదు.
- క్లోరైడ్లు, బ్రోమైడ్లు, అయోడైడ్లు కరుగుతాయి. సిల్వర్, లెడ్, మెర్క్యురీ (Hg₂²⁺) అయాన్లతో మాత్రం కరగవు.
- సల్ఫేట్లు కరుగుతాయి. బేరియం, స్ట్రాన్షియం, లెడ్ సల్ఫేట్లు కరగవు. కాల్షియం, సిల్వర్ సల్ఫేట్లు కొద్దిగానే కరుగుతాయి.
- కార్బనేట్లు, ఫాస్ఫేట్లు కరగవు. సోడియం, పొటాషియం, అమ్మోనియంతో ఉంటే కరుగుతాయి.
- హైడ్రాక్సైడ్లు కరగవు. సోడియం, పొటాషియం, బేరియం హైడ్రాక్సైడ్లు కరుగుతాయి. కాల్షియం హైడ్రాక్సైడ్ కొద్దిగా కరుగుతుంది.
- సల్ఫైడ్లలో సోడియం, పొటాషియం, అమ్మోనియం, కాల్షియం వర్గానివి పోగా మిగిలినవి కరగవు.

మూడోది బలమైన ఆమ్లాల, బలమైన క్షారాల జాబితా. ఇది చాలా చిన్నది. ఆమ్లాలు ఆరు: HCl, HBr, HI, HNO₃, HClO₄, H₂SO₄. ఈ ఆరింటిలో లేని ఆమ్లం కనిపిస్తే బలహీనమైనదనే పరిగణించండి. ఈ స్థాయి చదువులో దాదాపు ఎప్పుడూ తప్పు పోదు. బలమైన క్షారాలు: లిథియం, సోడియం, పొటాషియం వర్గపు హైడ్రాక్సైడ్లు, వాటితో పాటు కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం హైడ్రాక్సైడ్లు.

ఇక స్థితి గుర్తులు. ఘన పదార్థానికి (ఘ), ద్రవానికి (ద్ర), వాయువుకు (వా), నీటిలో కరిగి ఉన్నదానికి (జల). ఇంగ్లిష్ మీడియంలో వీటి బదులు ఎస్, ఎల్, జీ, ఏక్యూ అక్షరాలు రాస్తారు. పరీక్షలో మీ మీడియం ఏదైతే అవే వాడండి.

2. మెట్టు ఒకటి: పూర్తి సమీకరణం రాసి తుల్యం చేయండి

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా నడుద్దాం. అల్యూమినియం సల్ఫేట్ ద్రావణానికి బేరియం క్లోరైడ్ ద్రావణం కలిపితే తెల్లని అవక్షేపం, అంటే నీటిలో కరగని ఘన పదార్థం, వస్తుంది. ద్వంద్వ వియోగ చర్య కాబట్టి కేటయాన్లు (ధనావేశ అయాన్లు) జత మార్చుకుంటాయి.

Al₂(SO₄)₃ + 3BaCl₂ → 3BaSO₄ + 2AlCl₃

ఇక్కడ రెండు జాగ్రత్తలు. క్రియాజన్యాల ఫార్ములాలను ఆవేశాలు చూసి కొత్తగా రాయాలి. ఎడమవైపు ఉన్న పాదాంకాలను కుడివైపుకు మోసుకెళ్లకూడదు. Al₂Cl₃ అనో, Ba(SO₄)₃ అనో వచ్చిందంటే సరిగ్గా ఈ పొరపాటే జరిగింది. తుల్యం చేయడం కూడా ఇప్పుడే పూర్తవ్వాలి. తర్వాత చూద్దాంలే అనుకుంటే కొట్టివేతలో లెక్కలు కలగాపులగం అయిపోతాయి.

3. మెట్టు రెండు: ప్రతి పదార్థానికీ స్థితి గుర్తు పెట్టండి

Al₂(SO₄)₃(జల) + 3BaCl₂(జల) → 3BaSO₄(ఘ) + 2AlCl₃(జల)

సల్ఫేట్ల నియమంలో బేరియం మినహాయింపు కాబట్టి దానికి (ఘ). అల్యూమినియం క్లోరైడ్ కరుగుతుంది కాబట్టి (జల).

గుర్తు పెట్టేటప్పుడు ప్రశ్నలోని మాటలు జాగ్రత్తగా చదవండి. "ద్రావణం" అన్నారా, "పొడి" అన్నారా, "ముక్కలు" అన్నారా అన్నదాన్ని బట్టి జవాబే మారిపోతుంది. సోడియం బైకార్బనేట్ ద్రావణానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే:

HCO₃⁻(జల) + H⁺(జల) → H₂O(ద్ర) + CO₂(వా)

అదే వంటసోడా పొడి మీద ఆమ్లం పోస్తే:

NaHCO₃(ఘ) + H⁺(జల) → Na⁺(జల) + H₂O(ద్ర) + CO₂(వా)

మొదటిదాంట్లో సోడియం ప్రేక్షక అయాన్, అంటే రెండు వైపులా మారకుండా ఉండే అయాన్. రెండోదాంట్లో అది స్ఫటికంలోంచి బయటికొచ్చి నీటిలో చేరింది, అంటే దాని స్థితి మారింది. అలాంటప్పుడు దాన్ని కొట్టేయడానికి వీల్లేదు. "సోడియం ఎప్పుడూ ప్రేక్షకుడే" అని బట్టీ పట్టినవాళ్లు తప్పు చేసేది ఇక్కడే.

4. మెట్టు మూడు: విడగొట్టడం

ఇదే అసలు మెట్టు. ప్రతి పదార్థాన్నీ వరసగా రెండు ప్రశ్నలు అడగండి.

ఒకటి: దీని పక్కన (జల) ఉందా? లేకపోతే విడగొట్టకూడదు. ఘన, ద్రవ, వాయు పదార్థాలు పూర్తి ఫార్ములాతోనే ఉంటాయి.

రెండు: (జల) ఉంటే, ఇది కరిగే లవణమా, బలమైన ఆమ్లమా, బలమైన క్షారమా? ఈ మూడింటిలో ఏదో ఒకటైతేనే విడగొట్టండి. ఏదీ కాకపోతే, అంటే బలహీన ఆమ్లం, అమ్మోనియా, ఆల్కహాల్, చక్కెర లాంటివైతే, నీటిలో కరిగి ఉన్నా సరే అలాగే ఉంచండి.

చేతికి అలవాటయ్యే చిట్కా ఒకటి ఉంది. విడగొట్టకూడని వాటి చుట్టూ ముందే పెన్సిల్‌తో పెట్టె గీయండి. పెట్టెలో ఉన్నదాన్ని చివరిదాకా ముట్టుకోకండి. మన ఉదాహరణలో BaSO₄ ఒక్కటే పెట్టెలోకి వెళ్తుంది. మిగతావి విడిపోతాయి:

2Al³⁺ + 3SO₄²⁻ + 3Ba²⁺ + 6Cl⁻ → 3BaSO₄(ఘ) + 2Al³⁺ + 6Cl⁻

సంఖ్యలు ఎలా వచ్చాయో నిదానంగా చూడండి. Al₂(SO₄)₃ ముందు గుణకం 1. లోపల అల్యూమినియం రెండు, సల్ఫేట్ మూడు. కాబట్టి 2Al³⁺, 3SO₄²⁻. BaCl₂ ముందు గుణకం 3, లోపల క్లోరిన్ పాదాంకం 2. రెండూ గుణిస్తే 6Cl⁻. ఆ పాదాంకం 2 అయాన్‌కు అతుక్కుని రాకూడదు. Cl₂⁻ అని గానీ, 3Cl₂ అని గానీ రాస్తే అది వేరే పదార్థం. అల్యూమినియం సల్ఫేట్‌లోని 4 మాత్రం SO₄²⁻ తోనే ఉంటుంది, ఎందుకంటే అది అయాన్‌లో భాగం. బ్రాకెట్ బయటి పాదాంకం ముందుకు వస్తుంది, బహుపరమాణుక అయాన్ లోపలి పాదాంకం అక్కడే ఉంటుంది.

"కరిగితే విడిపోతుంది" అనేది సగం నిజమే. అసిటిక్ ఆమ్లం నీటిలో ఎంతైనా కలుస్తుంది. కానీ 0.1 మోలార్ ద్రావణంలో దాదాపు ప్రతి 100 అణువుల్లో ఒక్కటి మాత్రమే అయనీకరణం చెందుతుంది. మిగతా 99 అణువులు CH₃COOH గానే ఉంటాయి. సమీకరణంలో మనం రాసేది నీటిలో ఎక్కువ భాగం ఏ రూపంలో ఉందో ఆ రూపాన్ని. అందుకే సోడియం హైడ్రాక్సైడ్‌తో చర్య ఇలా ఉంటుంది:

CH₃COOH(జల) + OH⁻(జల) → CH₃COO⁻(జల) + H₂O(ద్ర)

ఇక్కడ H⁺ + OH⁻ → H₂O అని రాస్తే మార్కులు పోతాయి. ఆమ్లం ఎడమవైపు పెట్టెలో ఉంది. కుడివైపున ఏర్పడిన సోడియం అసిటేట్ కరిగే లవణం కాబట్టి విడిపోయింది. ఆమ్లం బలహీనమైనంత మాత్రాన దాని లవణం కూడా విడిపోదనుకోకూడదు.

కొన్ని పదార్థాలు ప్రత్యేకంగా ఇబ్బంది పెడతాయి.

సల్ఫ్యూరిక్ ఆమ్లం: మొదటి H⁺ పూర్తిగా విడిపోతుంది, రెండోది పాక్షికంగానే. కొన్ని పుస్తకాలు 2H⁺ + SO₄²⁻ అని, మరికొన్ని H⁺ + HSO₄⁻ అని రాస్తాయి. క్షారం సరిపడా ఉన్న చర్యలో రెండు H⁺ లూ వాడకమవుతాయి కాబట్టి మొదటి పద్ధతి నికరంగా సరిపోతుంది. మీ పాఠ్యపుస్తకం ఏది పాటిస్తే అదే మొదటి నుంచి చివరిదాకా పాటించండి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నీరు చాలా తక్కువ, కాబట్టి దాన్ని సజల ఆమ్లంలా విడగొట్టకండి.

కాల్షియం హైడ్రాక్సైడ్: సున్నపు తేటలో ఉన్నది కరిగిన భాగం, విడగొట్టాలి. గోడలకు వేసే సున్నంలో నీటిలో తేలియాడేది ఎక్కువగా ఘన పదార్థం, విడగొట్టకూడదు. తేటలోకి కార్బన్ డయాక్సైడ్ పంపినప్పుడు:

Ca²⁺(జల) + 2OH⁻(జల) + CO₂(వా) → CaCO₃(ఘ) + H₂O(ద్ర)

వాయువును ఇంకా పంపుతూ పోతే పాలలా మారిన తేట మళ్లీ స్పష్టంగా అవుతుంది:

CaCO₃(ఘ) + CO₂(వా) + H₂O(ద్ర) → Ca²⁺(జల) + 2HCO₃⁻(జల)

అమ్మోనియం హైడ్రాక్సైడ్: ల్యాబ్ సీసాల మీద ఆ పేరే ఉంటుంది గానీ, ద్రావణంలో ఎక్కువగా ఉన్నది NH₃ అణువులే. దాన్ని NH₄⁺ + OH⁻ గా విడగొట్టకండి. సాల్ట్ అనాలిసిస్ మూడో గ్రూపులో ఫెర్రిక్ అయాన్‌కు ఇది కలిపితే:

Fe³⁺(జల) + 3NH₃(జల) + 3H₂O(ద్ర) → Fe(OH)₃(ఘ) + 3NH₄⁺(జల)

లెడ్ క్లోరైడ్: దీన్ని "కరగదు" అనే చెబుతాం. కానీ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 100 మి.లీ. నీటిలో దాదాపు 1 గ్రాము, మరిగే నీటిలో 3 గ్రాములకు పైగా కరుగుతుంది. మొదటి గ్రూపు అవక్షేపాన్ని వేడి నీటితో కరిగించి లెడ్‌ను పరీక్షించేది అందుకే. సిల్వర్ క్లోరైడ్ అలా కాదు, లీటరు నీటిలో 2 మిల్లీగ్రాములు కరగడమే గొప్ప. అందువల్ల లెడ్ క్లోరైడ్‌ను చల్లని ద్రావణంలో (ఘ) గానూ, ప్రశ్నలో వేడి నీటిలో కరిగించామని చెబితే (జల) గానూ తీసుకోవాలి.

5. మెట్టు నాలుగు: ప్రేక్షక అయాన్లను తీసేయండి

రెండు వైపులా ఒకే ఫార్ములా, ఒకే ఆవేశం, ఒకే స్థితి ఉన్నవే ప్రేక్షక అయాన్లు. మూడింటిలో ఏ ఒక్కటి తేడా ఉన్నా కొట్టకూడదు. Fe²⁺, Fe³⁺ ఒకటి కావు. Cu(ఘ), Cu²⁺(జల) ఒకటి కావు.

మన ఉదాహరణలో 2Al³⁺, 6Cl⁻ పోతాయి. మిగిలింది:

3Ba²⁺ + 3SO₄²⁻ → 3BaSO₄(ఘ)

గుణకాలన్నీ మూడుతో భాగించబడతాయి కాబట్టి:

Ba²⁺(జల) + SO₄²⁻(జల) → BaSO₄(ఘ)

ఇదీ జవాబు. సోడియం సల్ఫేట్‌తో బేరియం క్లోరైడ్ కలిపినా, పొటాషియం సల్ఫేట్‌తో బేరియం నైట్రేట్ కలిపినా ఇదే వస్తుంది. సల్ఫేట్ పరీక్షకు ఏ లవణం ఇచ్చినా ఒకే సమీకరణం రాయగలగడానికి కారణం ఇదే.

సగం మాత్రమే కొట్టాల్సిన సందర్భాలు కూడా ఉంటాయి. మాంగనీస్ డయాక్సైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం చర్య చూడండి:

MnO₂(ఘ) + 4H⁺ + 4Cl⁻ → Mn²⁺ + 2Cl⁻ + Cl₂(వా) + 2H₂O(ద్ర)

ఎడమవైపు నాలుగు క్లోరైడ్లు, కుడివైపు రెండు. రెండు మాత్రమే ప్రేక్షకులు. మిగతా రెండూ ఎలక్ట్రాన్లు కోల్పోయి క్లోరిన్ వాయువయ్యాయి.

MnO₂(ఘ) + 4H⁺(జల) + 2Cl⁻(జల) → Mn²⁺(జల) + Cl₂(వా) + 2H₂O(ద్ర)

"క్లోరైడ్ రెండు వైపులా ఉంది" అని మొత్తం కొట్టేస్తే కుడివైపు క్లోరిన్‌కు మూలమే ఉండదు.

6. మెట్టు ఐదు: పరమాణువులతో పాటు ఆవేశాన్నీ లెక్కపెట్టండి

చాలామంది పరమాణువులు సరిపోయాయని చూసి ఆగిపోతారు. కాపర్ ముక్కను సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో వేసిన చర్యకు తరచూ కనిపించే తప్పు జవాబు ఇది:

Cu(ఘ) + Ag⁺(జల) → Cu²⁺(జల) + Ag(ఘ)

పరమాణువుల లెక్క చక్కగా సరిపోయింది. ఆవేశం చూడండి: ఎడమవైపు +1, కుడివైపు +2. కాపర్ రెండు ఎలక్ట్రాన్లు ఇస్తుంది, ఒక సిల్వర్ అయాన్ ఒక్కటే తీసుకుంటుంది. కాబట్టి రెండు సిల్వర్ అయాన్లు కావాలి:

Cu(ఘ) + 2Ag⁺(జల) → Cu²⁺(జల) + 2Ag(ఘ)

మొత్తం ఆవేశం సున్నా కావాలని నియమం లేదు. రెండు వైపులా సమానంగా ఉండాలి, అంతే. ఇక్కడ రెండు వైపులా +2.

7. చర్య రకాన్ని బట్టి గుర్తుంచుకోవాల్సినవి

*బలమైన ఆమ్లం, బలమైన క్షారం.* కరిగే లవణం ఏర్పడే ప్రతి జతకూ H⁺(జల) + OH⁻(జల) → H₂O(ద్ర). HCl తో NaOH, HNO₃ తో KOH కలిపినా తటస్థీకరణోష్ణం మోలుకు సుమారు 57 కిలోజౌళ్లు రావడానికి కారణం, జరిగే చర్య ఒకటే కావడం. H⁺ బదులు H₃O⁺ రాసే అలవాటు ఉంటే కుడివైపు 2H₂O అవుతుంది.

బేరియం హైడ్రాక్సైడ్, సల్ఫ్యూరిక్ ఆమ్లం జత దగ్గర మాత్రం ఆగి చూడాలి. ఇక్కడ నీరూ ఏర్పడుతుంది, అవక్షేపమూ ఏర్పడుతుంది. ప్రేక్షక అయాన్ ఒక్కటీ లేదు:

Ba²⁺ + 2OH⁻ + 2H⁺ + SO₄²⁻ → BaSO₄(ఘ) + 2H₂O(ద్ర)

బల్బు కలిపిన విద్యుత్ వాహకత పరికరంతో చూస్తే, ఆమ్లం చుక్కలు చుక్కలుగా పోసేకొద్దీ వెలుగు తగ్గుతూ, తుల్య బిందువు (ఆమ్లం, క్షారం సరిగ్గా సరిపోయే చోటు) దగ్గర దాదాపు ఆరిపోయి, ఆమ్లం ఇంకా పోస్తే మళ్లీ వెలుగుతుంది. తుల్య బిందువు దగ్గర కరెంటు మోసే అయాన్లు ద్రావణంలో దాదాపు లేవు. సమీకరణంలో కుడివైపు ఒక్క అయాన్ కూడా లేకపోవడం చెప్పేది అదే.

*కార్బనేట్, ఆమ్లం.* H₂CO₃ అని రాసి ఆపకండి. అది నీరు, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. సున్నపురాయి నీటిలో కరగదు కాబట్టి:

CaCO₃(ఘ) + 2H⁺(జల) → Ca²⁺(జల) + CO₂(వా) + H₂O(ద్ర)

అదే సున్నపురాయి మీద వెనిగర్ పోస్తే 2H⁺ స్థానంలో 2CH₃COOH(జల), కుడివైపు అదనంగా 2CH₃COO⁻(జల) రావాలి.

*లోహ స్థానభ్రంశం.* ఇనుప మేకును కాపర్ సల్ఫేట్‌లో ఉంచితే Fe(ఘ) + Cu²⁺(జల) → Fe²⁺(జల) + Cu(ఘ). ఇక్కడ ఏర్పడేది ఫెర్రస్, ఫెర్రిక్ కాదు.

*సంక్లిష్ట అయాన్లు.* సిల్వర్ క్లోరైడ్ అవక్షేపం అమ్మోనియాలో కరిగే పరీక్షకు AgCl(ఘ) + 2NH₃(జల) → [Ag(NH₃)₂]⁺(జల) + Cl⁻(జల). చదరపు బ్రాకెట్‌లో ఉన్నది ఒకే అయాన్. దాన్ని లోపల విడగొట్టకూడదు.

*పర్మాంగనేట్ టైట్రేషన్లు.* మోర్ లవణంతో (ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్) చేసేటప్పుడు ఫార్ములా పొడవు చూసి బెదరొద్దు. స్ఫటిక జలం ద్రావణంలో నీటిలో కలిసిపోతుంది. అమ్మోనియం, సల్ఫేట్, పొటాషియం ప్రేక్షకులు.

5Fe²⁺ + MnO₄⁻ + 8H⁺ → 5Fe³⁺ + Mn²⁺ + 4H₂O

ఆవేశం రెండు వైపులా +17. ఆక్సాలిక్ ఆమ్లంతో చేస్తే అది బలహీన ఆమ్లం కాబట్టి పూర్తి ఫార్ములాతోనే రాయాలి:

5H₂C₂O₄ + 2MnO₄⁻ + 6H⁺ → 2Mn²⁺ + 10CO₂ + 8H₂O

8. తరచూ వచ్చే తప్పులు, సవరణలు

అన్నీ కొట్టుకుపోయి ఏమీ మిగల్లేదా? రెండు కారణాలు ఉండొచ్చు. నిజంగానే చర్య జరగకపోవచ్చు. సోడియం క్లోరైడ్, పొటాషియం నైట్రేట్ ద్రావణాలు కలిపితే నాలుగు అయాన్లూ అలాగే తిరుగుతుంటాయి, "చర్య లేదు" అని రాయడమే సరైన జవాబు. లేదా అవక్షేపానికి పొరపాటున (జల) పెట్టి ఉంటారు. ద్రావణీయత నియమాలు మరోసారి చూడండి.

నైట్రేట్‌ను నైట్రోజన్, ఆక్సిజన్ అయాన్లుగా విడగొట్టారా? బహుపరమాణుక అయాన్ నీటిలో ముక్కలవదు. అయాన్ల పట్టిక ఇంకా నోటికి రాలేదని అర్థం. ముందు అది చదవండి.

లెడ్ అయోడైడ్ జవాబులో Pb²⁺ + I₂ → PbI₂ వచ్చిందా? I₂ అంటే అయోడిన్ అణువు. ద్రావణంలో ఉన్నవి రెండు విడివిడి అయోడైడ్ అయాన్లు, 2I⁻.

ఘన పదార్థాలను పొడిగా కలిపి వేడి చేసిన చర్యకు అయానిక సమీకరణం అడిగారని ప్రయత్నిస్తున్నారా? నీరు లేని చోట (జల) ఉండదు, విడగొట్టేదీ ఉండదు. అమ్మోనియం క్లోరైడ్, కాల్షియం హైడ్రాక్సైడ్ పొడులను వేడి చేసే చర్యకు మామూలు సమీకరణమే రాయాలి.

9. జవాబు రాశాక సరిచూసుకునే జాబితా

- అవక్షేపం, వాయువు, నీరు, బలహీన ఆమ్లం, అమ్మోనియా పూర్తి ఫార్ములాతో ఉన్నాయా?
- ప్రతి అయాన్‌కూ ఆవేశం రాశారా?
- రెండు వైపులా ఒకేలా ఉన్నది ఇంకేమైనా మిగిలిందా?
- పరమాణువులు సరిపోయాయా?
- మొత్తం ఆవేశం రెండు వైపులా ఒకటేనా?
- గుణకాలు ఇంకా చిన్నవి చేయగలమా?
- స్థితి గుర్తులు అన్నింటికీ ఉన్నాయా?

10. సాధన

జవాబులు మూసి ఉంచి ముందు మీరే రాయండి.

1) అమ్మోనియం క్లోరైడ్ ద్రావణం, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం కలిపి వేడి చేశారు.
2) నీటిలో కరగని మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌కు హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపారు.
3) కాపర్ సల్ఫేట్ ద్రావణంలోకి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పంపారు.
4) కాపర్ సల్ఫేట్, బేరియం హైడ్రాక్సైడ్ ద్రావణాలు కలిపారు.
5) సజల నైట్రిక్ ఆమ్లంలో కాపర్ వేశారు: 3Cu + 8HNO₃ → 3Cu(NO₃)₂ + 2NO + 4H₂O.

జవాబులు:

1) NH₄⁺(జల) + OH⁻(జల) → NH₃(వా) + H₂O(ద్ర). ఎర్ర లిట్మస్‌ను నీలంగా మార్చే వాయువు ఇదే.

2) Mg(OH)₂(ఘ) + 2H⁺(జల) → Mg²⁺(జల) + 2H₂O(ద్ర). ఘన హైడ్రాక్సైడ్‌ను విడగొట్టి H⁺ + OH⁻ రాసినవాళ్లు నాలుగో విభాగం మళ్లీ చదవాలి.

3) Cu²⁺(జల) + H₂S(వా) → CuS(ఘ) + 2H⁺(జల). హైడ్రోజన్ సల్ఫైడ్ బలహీన ఆమ్లం, పెట్టెలో ఉంటుంది. కుడివైపు ఏర్పడే సల్ఫ్యూరిక్ ఆమ్లం బలమైనది, విడిపోతుంది.

4) Cu²⁺(జల) + SO₄²⁻(జల) + Ba²⁺(జల) + 2OH⁻(జల) → Cu(OH)₂(ఘ) + BaSO₄(ఘ). రెండూ అవక్షేపాలే, ప్రేక్షకులు లేరు.

5) 3Cu(ఘ) + 8H⁺(జల) + 2NO₃⁻(జల) → 3Cu²⁺(జల) + 2NO(వా) + 4H₂O(ద్ర). ఎనిమిది నైట్రేట్లలో ఆరే ప్రేక్షకులు. ఆవేశం రెండు వైపులా +6.